జీడిబాబుని ఇంటికి పంపించాలా? పిల్లల కార్యక్రమంలో ఒకే బొమ్మ మరీ ఎక్కువైపోయినప్పుడు

శ్రీకాకుళం, విజయనగరం వైపు లోకల్ కేబుల్ ఛానెల్‌కో యూట్యూబ్‌కో పిల్లల కార్యక్రమం తీసే చిన్న బృందాల కోసం ఇది రాస్తున్నాం. బొమ్మ ఒకటి బాగా పేలుతుంది. పిల్లలకి నచ్చింది కదా అని ప్రతి ముక్కలోకీ దాన్ని లాక్కొస్తారు. కొన్నాళ్లకి బృందంలో సగం మంది "ఇక చాలు, తీసేద్దాం" అంటారు, మిగతా సగం "అది లేకపోతే ఎవరు చూస్తారు?" అంటారు. ఈ తగువుని గొంతు పెద్దది ఉన్నవాళ్లు తేల్చకూడదు. తేల్చడానికి కొలతలున్నాయి.

చెప్పడానికి వీలుగా ఒక బొమ్మని ఊహించుకుందాం. పేరు జీడిబాబు. జీడిపిక్కలా వంకర తల, నోరు తెరిచి మూసే చేతిబొమ్మ, వచ్చీ రాగానే "ఏటి సంగతి?" అంటాడు. 22 నిమిషాల ఎపిసోడ్‌లో మొదట్లో 4 నిమిషాలు కనిపించేవాడు. ఇప్పుడు 13 నిమిషాలు వాడే. అక్షరాలు వాడే చెప్తాడు, లెక్కలు వాడే, కథకి ముగింపు వాడే, చివర్లో బట్టల కొట్టు ప్రకటన కూడా వాడే.

విసుగు ఎవరికొచ్చిందో ముందు చూడాలి

ఎడిటింగ్‌లో కూర్చున్నవాళ్లు ఒక్కో ఎపిసోడ్‌లో ఆ బొమ్మని ముప్పై నలభై సార్లు చూస్తారు. పిల్ల ఒక్కసారి చూస్తుంది. పైగా మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం తీసే కార్యక్రమానికి మూడేళ్లలో ప్రేక్షకులు పూర్తిగా మారిపోతారు. ఈ ఏడాది మూడేళ్లు నిండిన గుంటడికి జీడిబాబు కొత్తవాడే. అమ్మానాన్నలు "మళ్లీ ఇదేనా" అన్నారని బొమ్మని తీసేస్తే, ఇంకా పరిచయమే కాని పిల్లల దగ్గర్నుంచి లాక్కున్నట్టు.

అమెరికాలో 1969 నవంబరులో మొదలైన పిల్లల టీవీ కార్యక్రమం సెసెమీ స్ట్రీట్ ఈ గొడవని బాగా ఎరుగును. ఎర్ర బొమ్మ ఎల్మోకి 1998లో ఎపిసోడ్ చివర విడిగా ఒక భాగమే ఇచ్చారు. ఆ కార్యక్రమంతో పెరిగి పెద్దయినవాళ్లు చాలామంది ఎల్మో ఎక్కువైపోయాడని విసుక్కున్నారు. కానీ ఆ భాగం వాళ్ల కోసం తీసింది కాదు, చూసేవాళ్లలో మరీ చిన్నపిల్లల కోసం తీసింది. అలాగని పెద్దల మాట పూర్తిగా కొట్టిపారెయ్యనక్కర్లేదు. వాళ్లు "బొమ్మ విసుగ్గా ఉంది" అన్నప్పుడు అసలు లోపం చాలాసార్లు కథలో ఉంటుంది.

వాచీ పట్టుకుని లెక్క

వరసగా ఆరు ఎపిసోడ్లు తీసుకోండి. మీకు నచ్చినవి ఏరుకోవద్దు, ఈమధ్య ప్రసారమైన ఆరూ తీసుకోండి. కాగితం మీద గళ్లు గీసి ఒక్కో సన్నివేశానికి ఒక్కో వరస రాయండి: మొదలైన సమయం, అయిపోయిన సమయం, తెర మీద ఎవరున్నారు, ప్రశ్న ఎవరడిగారు, జవాబు ఎవరు చెప్పారు, చివరి మాట ఎవరిది.

చాలామంది మొదటి మూడు గళ్లతో ఆగిపోతారు. అసలు సంగతి చివరి మూడింటిలో ఉంటుంది. జీడిబాబు 13 నిమిషాలు కనిపించినా, ఆ 13 నిమిషాలూ తప్పులు చేసి, నవ్వించి, పక్కవాళ్లకి ప్రశ్న అందించి పోతుంటే ప్రమాదం తక్కువ. 8 నిమిషాలే కనిపించి పది ప్రశ్నల్లో తొమ్మిదింటికి వాడే జవాబు చెప్తుంటే కార్యక్రమానికి జబ్బు చేసినట్టే. మిగతా బొమ్మలన్నీ వాడికి "అవునా!" అనడానికే మిగులుతాయి. ఇంట్లో చూసే పిల్ల కూడా జీడిబాబు చెప్తాడులే అని కూర్చుంటుంది, తను ఆలోచించదు.

మేం వాడే గీత ఇది: మొత్తం నిడివిలో మూడో వంతు కంటే ఎక్కువ సేపు ఒకే బొమ్మ ఉండకూడదు, జవాబుల్లో సగం కంటే ఎక్కువ ఒకే బొమ్మవి కాకూడదు. ఇది పరిశోధన తేల్చిన అంకె కాదు, పనికి పెట్టుకున్న హద్దు. రెండూ దాటితే తర్వాతి పరీక్షకి వెళ్లండి.

పిల్లల కళ్లని చూడటం

"నీకు జీడిబాబు ఇష్టమా?" అని నాలుగేళ్ల పిల్లని అడిగితే "ఇష్టం" అంటుంది. మీరు ఏ బొమ్మ పేరు చెప్పినా ఇష్టమనే అంటుంది. నోటి మాట పనికిరాదు, కళ్లు చూడాలి.

దీనికి మంచి పద్ధతి సెసెమీ స్ట్రీట్ పరిశోధకుడు ఎడ్వర్డ్ పామర్ వాడినది. టీవీలో కార్యక్రమం వేసి, దాని పక్కన ఇంకో తెర మీద రకరకాల స్లైడ్లు వేసేవాళ్లు. 7.5 సెకన్లకో స్లైడు మారేది. స్లైడు మారినప్పుడల్లా పిల్ల టీవీనే చూస్తోందా, పక్కకి తిరిగిందా అని రాసుకునేవాళ్లు. పక్కన కొత్త స్లైడు పడుతున్నా టీవీ మీంచి చూపు కదలలేదంటే ఆ సన్నివేశం పట్టుకున్నట్టు. 1969 వేసవిలో, ప్రసారానికి ముందే, ఇలాంటి పరీక్షల్లో ఒక సంగతి బయటపడింది. మనుషులు మాత్రమే ఉన్న వీధి సన్నివేశాల్లో పిల్లల చూపు జారిపోతోంది, బొమ్మలొస్తే నిలుస్తోంది. అంతకుముందు మనుషుల్నీ బొమ్మల్నీ కలపొద్దని నిపుణులు చెప్పారు. ఆ సలహా పక్కన పెట్టి వీధిలోకి బొమ్మల్ని తెచ్చారు.

ఇదే పరీక్ష మన ఊళ్లో ఒక టీవీతో, ఒక ట్యాబ్‌తో చెయ్యొచ్చు. ఫోన్ గ్యాలరీలో స్లైడ్‌షోకి సాధారణంగా అర సెకను పెట్టడం కుదరదు. కాబట్టి ఎడిటింగ్ యాప్‌లో 80 ఫోటోలు వరసగా పేర్చి, ఒక్కోటి 7.5 సెకన్లు ఉండేలా వీడియో చేసుకోండి. 10 నిమిషాలొస్తుంది. రెండుసార్లు నడిపితే 20 నిమిషాలు, అంటే 160 మార్పులు. ఫోటోలు కళింగపట్నం పడవలు, ఎద్దులు, తప్పెటగుళ్ల వేషాలు, కూరగాయల సంత, రైలు, ఇలా ఉండాలి. కార్టూన్లు పెట్టొద్దు, పిల్ల టీవీ వైపే తిరగదు. అన్నీ చెట్లూ కొండలూ పెట్టినా తప్పే, అసలు పక్కకే తిరగదు, అన్ని సన్నివేశాలకీ మంచి మార్కులే పడతాయి.

ట్యాబ్‌ని టీవీకి పక్కగా, అదే ఎత్తులో, పిల్ల మెడ తిప్పితేనే కనిపించేలా పెట్టండి. రెండూ ఒకే చూపులో పడితే పిల్ల దేన్ని చూస్తోందో తేల్చలేరు. రాసుకునే మనిషి పిల్ల వెనక కూర్చోకూడదు, కళ్లు కనిపించాలి కాబట్టి టీవీ పక్కన కొంచెం కిందగా కూర్చోవాలి. తల్లి అదే గదిలో వెనక ఉండాలి. పిల్లకి "అటు చూడు" అని ఎవరూ అనకూడదు. ఒక్కొక్కరినే కూర్చోబెట్టండి, ఇద్దరుంటే ఒకర్ని చూసి ఒకరు నవ్వుతారు. అన్నం తిన్నాక నిద్రమత్తులో ఉంటారు కాబట్టి ఉదయం పది, పదకొండు మధ్య పెట్టుకోండి. అంగన్‌వాడీలో చేస్తే అక్కడి కార్యకర్త, తల్లిదండ్రులు ముందుగా ఒప్పుకుని ఉండాలి. పిల్లల ముఖాలు వీడియో తియ్యొద్దు, గీతలు చాలు. మధ్యలో కరెంటు పోతే ఆ పిల్ల లెక్క వదిలెయ్యండి, తిరిగి మొదట్నుంచి చూపిస్తే అది రెండోసారి చూడటం అవుతుంది.

ఎనిమిది మంది పిల్లలు చాలు, కానీ సగం మంది ఇంతకుముందు కార్యక్రమం చూడనివాళ్లు అయ్యుండాలి. లెక్క ఇలా చెయ్యండి. 20 నిమిషాల ముక్కలో జీడిబాబు ఉన్నది 9 నిమిషాలు అనుకుంటే, ఒక పిల్లకి 72 గళ్లు వాడివి, 88 మిగతావాళ్లవి. 72లో 50 సార్లు టీవీ చూస్తే 69 శాతం. 88లో 66 సార్లు చూస్తే 75 శాతం. ఒక్క పిల్లకి ఆ తేడా పెద్దది కాదు. ఎనిమిది మందిలో ఆరేడుగురికి అదే దిక్కుగా వస్తే పట్టించుకోవాలి. కొత్త పిల్లలు నిలిచి చూస్తూ, పాత పిల్లలు మాత్రమే జారిపోతుంటే అది నిజంగా ఎక్కువైపోవడం. కొత్తవాళ్లూ పాతవాళ్లూ జారిపోతుంటే ఆ సన్నివేశాలే బాగాలేవు, బొమ్మ మీద పడొద్దు.

బొమ్మ ఒళ్లు బాగుందా?

దీన్ని చాలా బృందాలు మర్చిపోతాయి. జీడిబాబు మొహం మునుపటిలా లేదనిపించడానికి కారణం వాడు పాతబడటం కాదు, వాడి తల లోపల ఫోమ్ చచ్చిపోవడం. సముద్రపు గాలి తగిలే మన జిల్లాల్లో ఫోమ్ తొందరగా పోతుంది. తేమ, వెలుతురు కలిసి దాన్ని విరగ్గొడతాయి. బుగ్గ మీద బొటనవేలితో నొక్కి వదలండి. వెంటనే లేస్తే మంచిది. గుంట అలాగే మిగిలినా, లోపల పసుపు పొడి రాలినా తల కొత్తగా కట్టాలి. అర అంగుళం ఫోమ్‌తో, పాత కాగితపు నమూనా పెట్టి కోసుకోవాలి. నమూనాలు దాచుకోకపోతే తల విప్పేముందు అతుకుల వెంట కోసి కాగితం మీద గీసుకోండి.

కంటి పాపలు కూడా చూడండి. రెండు పాపలూ ముక్కు వైపు కాస్త జరిగి ఉంటేనే బొమ్మ ఎవరినో చూస్తున్నట్టు ఉంటుంది. ఒకటి ఊడి మళ్లీ అతికించినప్పుడు నాలుగైదు మిల్లీమీటర్లు పక్కకి పోతే చూపు శూన్యంలోకి పోతుంది. పిల్లలు దూరం జరుగుతారు, ఎందుకో వాళ్లు చెప్పలేరు. నోటి పలక మెత్తబడితే మాట మొదట్లో నోరు సరిగా తెరుచుకోదు. చెయ్యి కదిపే సైకిల్ పుల్ల వంగితే చెయ్యి తెలియకుండా వణుకుతుంది. ఇవన్నీ బాగుచేసి, మళ్లీ వేరే ఎనిమిది మంది పిల్లలతో పరీక్ష పెట్టాకే మిగతా మాట.

తీసెయ్యక ముందు తగ్గించండి

ఇది మా గట్టి అభిప్రాయం: ఎక్కువైన బొమ్మకి చాలాసార్లు మందు తగ్గింపే, తీసెయ్యడం కాదు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తరతరాలుగా ఎందుకు నిలిచారో చూడండి. రాముడి కథని వాళ్లు నడపరు. ఘట్టానికీ ఘట్టానికీ మధ్య దూరి, నవ్వించి, పోతారు. వాళ్లు ఉన్నంతసేపు జనం ఇంకా ఉండాలనుకుంటారు. వాళ్లకి కథ అప్పజెప్పి ఉంటే ఏ కాలంలోనో పోయేవాళ్లు.

జీడిబాబు చేతిలోంచి మొదట జవాబు తీసుకోండి. తర్వాత నిమిషాలు వాటంతటవే తగ్గుతాయి. ఉదాహరణకి బుజ్జి, అప్ప అనే మిగతా పాత్రలతో ఇలాంటి సన్నివేశం ఉందనుకుందాం:

బుజ్జి: నా పడవ మునిగిపోతంది.
జీడిబాబు: ఏటి సంగతి? రాళ్లు ఎక్కువైనాయి. ఒకటి తీసీ.
బుజ్జి: తేలింది! జీడిబాబుకి అన్నీ తెల్సు!

దీన్ని ఇలా మార్చొచ్చు:

బుజ్జి: ఓలప్పా, నా పడవ మునిగిపోతంది.
జీడిబాబు: ఏటి సంగతి? ఇంకో రాయి ఎట్టు, కదలకుండా కూకుంటాది. (పెడతాడు. బుడుంగుమంటుంది. తడిసిపోయి పోతాడు.)
అప్ప: ఇప్పుడు ఎన్ని రాళ్లున్నాయి బుజ్జీ?
బుజ్జి: ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు.
అప్ప: ఒకటి తీసి సూడు.
బుజ్జి: ఇంకా మునుగుతంది.
అప్ప: ఇంకోటి తీ.
బుజ్జి: నాలుగుంటే తేలతంది అప్పా!

జీడిబాబు పది సెకన్లే ఉన్నాడు. నవ్వు వాడిదే. లెక్క బుజ్జిది. అప్ప ప్రశ్న అడిగి ఊరుకుంది, ఇంట్లో కూర్చున్న పిల్లకి లెక్కపెట్టే సందు దొరికింది. ప్రతి రాయికీ ఒక సెకను ఖాళీ వదలండి, ఎడిటింగ్‌లో ఆ ఖాళీ కత్తిరించొద్దు. ఇక్కడో జాగ్రత్త: తడిసినట్టు చూపించడానికి నిజంగా నీళ్లు పొయ్యొద్దు. ఫోమ్‌లోకి దిగిన నీళ్లు వానాకాలంలో రెండు మూడు రోజులకీ ఆరవు, బూజు వాసన పడుతుంది. కట్టిన వేషం మీద నాలుగు చుక్కలు చల్లి, చప్పుడు తర్వాత కలపండి.

బయటి తిరుగుడు కూడా తగ్గించాలి. స్కూలు వార్షికోత్సవాలు, పుట్టినరోజులు, విజయనగరంలో దసరా తర్వాతి మంగళవారం సిరిమానోత్సవం రోజుల్లో కొట్ల ముందు ఆటలు, అన్నిటికీ అదే బొమ్మని పంపితే పిల్లలకి అది తెర మీద మనిషిలా ఉండదు. బల్ల మీద వాలిపోయి, ఖాళీ చెయ్యితో, నోరు తెరుచుకుని పడి ఉన్న జీడిబాబుని ఒక్కసారి చూసిన పిల్లకి ఆ తర్వాత వాడు ఉత్త గుడ్డముక్కే. ఆడించని క్షణంలో బొమ్మ సంచిలో ఉండాలి, ఇది వదలకూడని నియమం. ప్రకటన చదవడం మాత్రం ఇవ్వాళే మానిపించండి. పిల్లలు నమ్మే గొంతుతో సరుకు అమ్మడం మంచిది కాదు, బొమ్మ పరువు అక్కడే ముందు పోతుంది.

అలవాటు మార్చినా సరిపోవచ్చు. సెసెమీ స్ట్రీట్‌లో కుకీలు మింగే నీలం బొమ్మని తీసెయ్యలేదు. 2005లో, కుకీలు అప్పుడప్పుడు మాత్రమే తినేవని ఆ బొమ్మకే నేర్పారు.

సెలవు పరీక్ష

తగ్గించి రెండు నెలలైనా లెక్క మారకపోతే నాలుగు ఎపిసోడ్ల సెలవు ఇవ్వండి. ఎక్కడికెళ్లాడో చెప్పి పంపండి, మార్చి ఏప్రిల్‌లో అయితే ఉద్దానం జీడితోటల్లో కోతలకి మామ్మకి సాయం అనొచ్చు. ఆ నాలుగింటిలో రెండు విషయాలు చూడండి. పిల్లలు వాడి గురించి అడుగుతున్నారా, మిగతా బొమ్మలు నిలబడగలుగుతున్నాయా. రెండోదే ముఖ్యం. వాడు లేనప్పుడు రచన కుంటుతుంటే, తీసెయ్యడానికి మీరింకా సిద్ధంగా లేరు. అప్పకో తాబేలు తాతకో సొంత కోరిక, సొంత భయం, సొంత మాట లేవన్నమాట. ముందు అవి రాయండి.

నిజంగా పంపించేయాలంటే

గొంతు ఇచ్చే మనిషి మానేసినప్పుడో, పిల్లలు బొమ్మని చూసి ప్రమాదకరమైన పని అనుకరిస్తున్నప్పుడో, సెలవులో కార్యక్రమం వాడు లేకుండానే బాగుపడినప్పుడో పంపెయ్యాలి. చెప్పకుండా మాయం చెయ్యడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. చంపడం అంతకు తక్కువేం కాదు. సెసెమీ స్ట్రీట్‌లో కొట్టు నడిపే హూపర్‌గా వేసిన విల్ లీ 1982 డిసెంబరులో చనిపోతే, 1983 నవంబరు 24న ప్రసారమైన ఎపిసోడ్‌లో ఆ సంగతి పిల్లలకి నిజంగానే చెప్పారు. అక్కడ నిజంగా మనిషి పోయాడు కాబట్టి అది సరైన పని. లేని చావుని బొమ్మకి అంటగట్టకూడదు.

వీడ్కోలు ఎపిసోడ్‌లో పిల్లల మనసులో ఉండే మూడు ప్రశ్నలకి సూటిగా జవాబుండాలి: కోపమొచ్చిందా, బాగున్నాడా, మళ్లీ వస్తాడా.

బుజ్జి: మా మీద కోపమొచ్చిందేటి?
జీడిబాబు: లేదు బుజ్జీ. మామ్మ ఒక్కర్తే ఉంది. నాను తోడుండాల.
బుజ్జి: రేపొస్తావా?
జీడిబాబు: రేపు రాను. ఎల్లుండీ రాను. అక్కడే బడికెళ్తాను. ఉత్తరం రాస్తాను.

"త్వరలో వస్తా" అని రాయొద్దు. రాయబోని ఉత్తరం గురించి కూడా చెప్పొద్దు. చెప్తే మూడు ఉత్తరాలు ముందే రాసి, వాటి ఎపిసోడ్లు కూడా తీసి పెట్టుకోండి. ఏడుపు పాట వద్దు, వీడ్కోలు రెండు నిమిషాలు మించకూడదు, తర్వాత అదే ఎపిసోడ్‌లో మామూలు ఆట ఒకటి జరగాలి. యూట్యూబ్‌లో పాత ఎపిసోడ్లు ఉంటూనే ఉంటాయి, వీడ్కోలు చూసిన పిల్లకి పది నిమిషాల్లో జీడిబాబు మళ్లీ కనిపిస్తాడు. అందుకే వీడ్కోలుని విడి వీడియోగా కాకుండా ఎపిసోడ్ మధ్యలో ఉంచండి, పాతవాటిని విడి వరసలో పెట్టి "ముందు రోజుల ఆటలు" అని పేరు పెట్టండి.

బొమ్మ కంటే ముందు దాన్ని ఆడించే మనిషి సంగతి చూడాలి. ఎపిసోడ్‌కి ఇంత అని తీసుకునే మనిషికి బొమ్మ పోతే కూలి పోతుంది. కొత్త బొమ్మ చేతికిచ్చి, నెల రోజులు సాధన చేయించి, ఆ తర్వాతే పాతది పంపండి. బొమ్మ ఎవరిది, గొంతు ఎవరిది, బయట ఆడించొచ్చా అన్నది కాగితం మీద రాసుకోండి. జీడిబాబు గొంతుని ఇంకో బొమ్మకి పెట్టొద్దు, పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

చివరికి దాచడం. కళ్లూ చేతులూ వేరే బొమ్మకి వాడుకోవద్దు. తొడుగు విప్పి చేత్తో ఉతికి నీడలో ఆరబెట్టండి. నోట్లో, తలలో మెత్తటి పాత నూలు గుడ్డ కుక్కి ఆకారం నిలపండి. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టొద్దు, లోపలి చెమ్మ బయటికి పోదు. నూలు సంచిలో వేసి, సిలికా జెల్ పొట్లాలు పెట్టి, మూత ఉన్న పెట్టెలో, నేలకి అడుగున్నర ఎత్తున, బరువేమీ పైన పెట్టకుండా ఉంచండి. తుపాను కాలంలో ఆ ఎత్తు చాలకపోవచ్చు, అటక మీదకి మార్చండి. బొమ్మలో ఎక్కడైనా థర్మాకోల్ ఉంటే నాఫ్తలీన్ ఉండలు తగిలి దాన్ని కరిగిస్తాయి, వేప ఎండుటాకు చాలు. నమూనా కాగితాలు, రంగు గుడ్డ ముక్క, గొంతు రికార్డింగు అదే పెట్టెలో పెట్టి, మూత మీద పేరూ తేదీ రాయండి. వానాకాలంలో నెలకోసారి తెరిచి, ఫ్యాను కింద గంటసేపు గాలి తగలనివ్వండి.